తెర మీది సైజు, చేతిలోని సైజు ఒకటే కావాలంటే: వెక్టర్ డ్రాయింగ్‌లో జూమ్‌ను సరిచేసుకునే పద్ధతి

విశాఖలో లేబుళ్లు, విజిటింగ్ కార్డులు, దుకాణం బోర్డులు డిజైన్ చేసేవారి నుంచి రెండు రకాల ఫిర్యాదులు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారు, "తెర మీద చిన్నగా కనిపిస్తోందని అక్షరాలు పెంచాను, ప్రింటులో చూస్తే మోటుగా వచ్చాయి" అంటారు. టీవీని మానిటర్‌గా వాడేవారు, "తెర మీద హాయిగా చదివాను, స్టిక్కరు చేతికి వచ్చాక కళ్లజోడు పెట్టుకున్నా ఆనడం లేదు" అంటారు.

ఇద్దరూ 100 శాతం జూమ్‌లోనే చూశారు. ఇద్దరి ఇబ్బందికీ కారణం ఒక్కటే. మీ తెర ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉందో ఆ 100 శాతానికి తెలియదు. ఆ సంగతి స్కేలుతో కొలిచి మీరే సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. ఒకసారి శ్రద్ధగా చేస్తే స్క్రీన్ మార్చేదాకా మళ్లీ చేయనక్కర లేదు. గీతలను కొలతలతో దాచుకునే వెక్టర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఇక్కడ ఇంక్‌స్కేప్‌ను ప్రధానంగా తీసుకుని, కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్‌లకు కావలసినంత చెబుతాను.

1. సైజు ఉండేది ఫైలులో, జూమ్‌లో కాదు

మీరు 90 మి.మీ. వెడల్పు కార్డు గీస్తే, ఆ 90 మి.మీ. ఫైలులో భద్రంగా ఉంటుంది. జూమ్ ఎంత పెట్టినా అది మారదు. కాబట్టి జూమ్ సరిచేయడం వల్ల పాత ఫైళ్లు చెడిపోతాయన్న భయం అక్కర లేదు.

తేడా వచ్చేది చూపించే దగ్గరే. ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) అని లెక్క వేసుకుంటుంది. మన స్క్రీన్లు ఆ లెక్కకు అరుదుగా సరిపోతాయి. 1920 × 1080 పిక్సెళ్లు ఉన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అంగుళానికి సుమారు 141 పిక్సెళ్లు పడతాయి. అవే పిక్సెళ్లు 24 అంగుళాల మానిటర్‌లో పరుచుకుంటే అంగుళానికి 92, 32 అంగుళాల టీవీలో అయితే 69 మాత్రమే.

అందువల్ల ఒకే కార్డు ల్యాప్‌టాప్‌లో అసలు కన్నా చిన్నగా, టీవీలో అసలు కన్నా పెద్దగా కనిపిస్తుంది. 24 అంగుళాల మానిటర్‌లో తేడా నాలుగైదు శాతమే కనుక చాలామంది గమనించరు. కంటికి తెలియని ఆ తేడాయే చిన్న అక్షరాల దగ్గర మోసం చేస్తుంది.

2. దగ్గర పెట్టుకోవలసినవి

☐ 300 మి.మీ. స్టీలు స్కేలు. అంచు దగ్గరే సున్నా మొదలయ్యే రకమైతే మేలు.
☐ అంచులు తిన్నగా కత్తిరించిన పొడవాటి కాగితపు పట్టీ, సన్నని పెన్సిల్.
☐ ఏటీఎం కార్డు లేదా ప్లాస్టిక్ ఆధార్ కార్డు. వీటి సైజు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 85.6 × 54 మి.మీ.
☐ పది రూపాయల నాణెం. దీని వ్యాసం 27 మి.మీ.
☐ ఫోనులోని క్యాలిక్యులేటర్.

దర్జీ టేపు వాడవద్దు, అది సాగుతుంది. పిల్లల ప్లాస్టిక్ స్కేలు తప్ప వేరే ఏదీ లేకపోతే, దాన్ని ముందుగా ఏటీఎం కార్డు మీద పెట్టి చూడండి. పొడవు వైపు 85.6 దగ్గర సరిగ్గా ఆగితేనే దాన్ని నమ్మండి.

స్టీలు స్కేలును తెరకు నేరుగా ఆనించవద్దు. గీతలు పడతాయి, నొక్కితే ఎల్‌సీడీ తెర పాడయ్యే ప్రమాదమూ ఉంది. పట్టీని తెర మీద తేలికగా ఆనించి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, దాన్ని బల్ల మీద స్కేలుతో కొలవడమే మంచి పద్ధతి. గుర్తు పెట్టేటప్పుడు కన్ను ఆ గుర్తుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పక్క నుంచి చూస్తే, అద్దం మందం వల్ల మిల్లీమీటరు దాకా పొరపాటు రావచ్చు.

3. ముందు స్క్రీన్‌ను స్థిరపరచండి

ఎక్కువమంది ఈ దశను దాటవేసి నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి వెళతారు. ఆ తర్వాత ఎవరో రిజల్యూషన్ (తెర మీది అడ్డం, నిలువు పిక్సెళ్ల సంఖ్య) మారుస్తారు, సరిచేసినదంతా వృథా అవుతుంది. కింది క్రమంలోనే చేయండి.

మొదట, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ పక్కన 'రికమెండెడ్' అని ఉన్నదాన్నే ఎంచుకోండి. అది తెర సహజ రిజల్యూషన్. వేరేది పెడితే బొమ్మ అడ్డంగానో నిలువుగానో సాగవచ్చు.

తర్వాత, విండోస్ స్కేలింగ్ (మెనూలు, అక్షరాలు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే శాతం) ఎంత ఉండాలో ఇప్పుడే నిర్ణయించుకోండి. మెనూలు కంటికి ఇంపుగా ఉండేలా 100, 125, 150 లలో ఏదైనా పెట్టుకోండి. తర్వాత మాత్రం మార్చకూడదు. ఇప్పుడు మార్చి ఉంటే, సాఫ్ట్‌వేర్‌ను మూసి మళ్లీ తెరవండి.

టీవీని మానిటర్‌గా వాడుతుంటే ఇంకో మెట్టు ఉంది. చాలా టీవీలు బొమ్మ అంచులను కోసి, మిగిలినదాన్ని సాగదీసి చూపిస్తాయి. టీవీ మెనూలో పిక్చర్ సైజు దగ్గర 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్' వంటి అమరిక ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. డెస్క్‌టాప్ నాలుగు అంచులూ పూర్తిగా కనిపిస్తే సరైనట్టే.

ప్రొజెక్టర్ మీద ఈ పని చేయకండి. దాన్ని కాస్త కదిపినా బొమ్మ సైజు మారిపోతుంది.

4. ఇంక్‌స్కేప్‌లో సరిచేయడం

4.1 కొత్త డాక్యుమెంట్ తెరవండి. ఫైల్ మెనూలోని డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ప్రమాణాన్ని మి.మీ.కు మార్చండి.

4.2 దీర్ఘచతురస్రం గీసే సాధనంతో ఒక పెట్టె గీయండి. పై పట్టీలో వెడల్పు 200 మి.మీ., ఎత్తు 100 మి.మీ. అని టైపు చేయండి. లోపల ముదురు రంగు నింపండి, అంచు గీత పూర్తిగా తీసేయండి. గీత ఉంటే ఎక్కడి నుంచి కొలవాలన్న సందేహం వస్తుంది.

4.3 ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, ఇంటర్‌ఫేస్ విభాగంలో 'జూమ్ కరెక్షన్ ఫ్యాక్టర్' ఎక్కడుందో చూడండి. వెర్షన్‌ను బట్టి చోటు కొద్దిగా మారవచ్చు. కొత్త వెర్షన్లలో ప్రిఫరెన్సెస్ కిటికీకి వెతికే పెట్టె ఉంది, అందులో జూమ్ అని ఇంగ్లీషులో కొడితే దొరుకుతుంది. ఇప్పటికి దాన్ని 100 వద్దే ఉంచండి.

4.4 కాన్వాస్ మీద ఒకసారి క్లిక్ చేసి, కీబోర్డులో 1 నొక్కండి. ఇంక్‌స్కేప్‌లో 1:1 జూమ్‌కు అదే కీ. 2 నొక్కితే సగం సైజు, 5 నొక్కితే పూర్తి పేజీ.

4.5 పెట్టె వెడల్పును కాగితపు పట్టీతో కొలవండి. ఉదాహరణకు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో స్కేలింగ్ ప్రభావం లేకపోతే 136 మి.మీ. వస్తుంది.

4.6 లెక్క ఇలా చేయండి: ఇప్పుడున్న ఫ్యాక్టర్ × 200 ÷ మీరు కొలిచిన పొడవు. అంటే 100 × 200 ÷ 136 = 147. ఈ అంకెను జూమ్ కరెక్షన్ ఫ్యాక్టర్ దగ్గర టైపు చేయండి.

4.7 తిరిగి కాన్వాస్ మీదకు వచ్చి మళ్లీ 1 నొక్కండి. నొక్కకపోతే పాత జూమే కనిపిస్తూ ఉంటుంది, ఏమీ మారలేదని అనుకుంటారు.

4.8 మరోసారి కొలవండి. 199 వచ్చిందనుకుందాం. అదే సూత్రం: 147 × 200 ÷ 199 = 147.7. రెండో విడతతో సాధారణంగా కుదిరిపోతుంది.

ఆ అమరిక పక్కనే చిన్న స్కేలు బొమ్మ ఉంటుంది. స్లైడరును జరుపుతూ ఆ బొమ్మను నిజమైన స్కేలుతో సరిపోల్చవచ్చు. అది కూడా సరైన మార్గమే. కానీ నేను పెట్టె గీసి లెక్క కట్టడానికే మొగ్గు చూపుతాను. చిన్న స్కేలు బొమ్మ మీద అర మిల్లీమీటరు పొరబడితే శాతంలో అది పెద్ద తప్పు అవుతుంది, 200 మి.మీ. మీద అదే పొరపాటు పావు శాతమే. ఎంత పొడవు కొలిస్తే అంత కచ్చితం.

తెర అంగుళాలు, రిజల్యూషన్ తీసుకుని క్యాలిక్యులేటర్‌తోనే ఫ్యాక్టర్ తేల్చేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. 141ని 96తో భాగిస్తే 147 వస్తుంది, నిజమే. అయితే విండోస్ స్కేలింగ్ కలిస్తే ఆ లెక్క తప్పవచ్చు. లెక్క కట్టిన అంకెతో కొలతను సరిచూసుకోండి, చివరికి మాత్రం కొలిచినదాన్నే నమ్మండి.

5. నిలువు కొలత, నాణెం పరీక్ష

వెడల్పు కుదరగానే పని అయిపోయిందని లేచిపోకండి. పెట్టె ఎత్తు కూడా కొలవండి, 100 మి.మీ. రావాలి. వెడల్పు 200 ఉండి ఎత్తు 100 కాకపోతే రిజల్యూషన్ తప్పుగా ఉంది. 3వ దశకు తిరిగి వెళ్లండి. ఇంక్‌స్కేప్‌లో అడ్డానికి, నిలువుకు కలిపి ఒకే ఫ్యాక్టర్ ఉంటుంది కనుక అక్కడ దీన్ని సరిచేయలేరు.

తర్వాత 27 మి.మీ. వ్యాసంతో ఒక వృత్తం, 85.6 × 54 మి.మీ. పెట్టె గీయండి. 1 నొక్కి, పది రూపాయల నాణేన్ని, ఏటీఎం కార్డును తెర దగ్గర పట్టుకుని చూడండి. వృత్తాన్ని నాణెం అంచు చుట్టూ సరిగ్గా కప్పేయాలి. ఈ ఫైలును విడిగా దాచుకోండి. అనుమానం వచ్చినప్పుడల్లా తెరిచి కార్డు పెడితే వెంటనే తేలిపోతుంది.

6. కోరల్‌డ్రాలో

ఫ్లెక్సు, ఆఫ్‌సెట్ పనుల్లో కోరల్‌డ్రాయే ఎక్కువ. దీనిలో టూల్స్ మెనూలోని ఆప్షన్స్‌కు వెళ్లి జూమ్ సాధనం పేజీ తెరవండి. అక్కడ రెండు విషయాలున్నాయి.

మొదటిది 'జూమ్ రెలెటివ్ టు 1:1' అనే టిక్కు పెట్టె. ఇది పెట్టకపోతే 100 శాతానికి అర్థం అసలు సైజు కాదు, పేజీ మొత్తం తెరలో పట్టేంత సైజు. ఎంత కొలిచినా కుదరడం లేదనేవారు చాలామంది ఈ టిక్కును చూసుకోనివారే.

రెండోది 'క్యాలిబ్రేట్ రూలర్స్' బటన్. నొక్కితే తెర మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి స్కేళ్లు కనిపిస్తాయి. కాగితపు పట్టీ మీద స్టీలు స్కేలు గీతలు దింపుకుని, ఆ పట్టీని వాటి పక్కన పెట్టండి. రెండూ కలిసేదాకా అడ్డం, నిలువు అంకెలను విడివిడిగా పెంచండి లేదా తగ్గించండి. రెండు దిక్కులకూ వేరు అంకెలు ఇవ్వగలగడం కోరల్‌డ్రాలోని సౌకర్యం. అయినా ఆ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉంటే రిజల్యూషన్‌ను అనుమానించండి.

7. ఇలస్ట్రేటర్‌లో

జనరల్ ప్రిఫరెన్సెస్‌లో 'డిస్‌ప్లే ప్రింట్ సైజ్ ఎట్ 100% జూమ్' అనే అమరికకు టిక్కు పెట్టి, కంట్రోల్ + 1 నొక్కండి. ఇది మానిటర్ తన సైజు గురించి కంప్యూటర్‌కు ఇచ్చే సమాచారం మీద ఆధారపడుతుంది. ల్యాప్‌టాప్ తెరలు సాధారణంగా నిజమే చెబుతాయి, టీవీలను నమ్మలేం. నాణెం పరీక్ష చేసి కుదరకపోతే, ఏ జూమ్ దగ్గర నాణెం సరిపోతోందో చూసి ఆ శాతాన్ని రాసి పెట్టుకోండి. 100కు బదులు ఆ శాతాన్నే టైపు చేయాలి.

8. చిన్న వస్తువులకు: లేబులు, ట్యాగు, కార్డు

సరిచేసిన జూమ్ అసలు ఉపయోగం ఇక్కడే. అరకు కాఫీ సీసాకు లేబులు చేస్తున్నారనుకోండి. 1 నొక్కి, ఖాళీ సీసాను తెర పక్కన పట్టుకుని చూడండి. లేబులు ఎత్తు సీసా మీద అమరుతుందా, మూత కింది వంపులోకి పోతుందా అన్నది ప్రింటుకు ముందే తెలుస్తుంది. ఏటికొప్పాక లక్క బొమ్మకు కట్టే ట్యాగు అయినా అంతే. బొమ్మను పక్కన పెడితే ట్యాగు దాన్ని కప్పేస్తోందో లేదో కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త ఉంది. తెర చదునుగా ఉంటుంది, సీసా గుండ్రంగా ఉంటుంది. 65 మి.మీ. వ్యాసం ఉన్న సీసా చుట్టుకొలత సుమారు 204 మి.మీ. దానికి 90 మి.మీ. లేబులు చుడితే దాదాపు సగం చుట్టు తిరుగుతుంది. ఎదురుగా నిలబడినవారికి రెండు అంచుల్లోని అక్షరాలు కనిపించవు. పేరును మధ్య 50 మి.మీ. లోపలే ఉంచండి.

తెలుగు అక్షరాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 8 పాయింట్లంటే 2.8 మి.మీ., కానీ అది అక్షరం ఎత్తు కాదు. పైన గుడి, తలకట్టు, కింద వత్తులు అన్నీ కలిసి ఆ చోటును పంచుకోవాలి. అందుకే అదే పాయింటు సైజులో ఇంగ్లీషు తేటగా కనిపిస్తుంటే తెలుగు నలిగిపోతుంది. పరీక్ష కోసం "స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, క్షేత్రజ్ఞ" అని రాసి, మీరు వాడబోయే ఫాంటులో 6, 7, 8, 9 పాయింట్ల వరుసలు పేర్చండి. 1 నొక్కి, చేతిలో సీసా పట్టుకున్నంత దూరం నుంచి చదవండి. ఏ వరుస దగ్గర వత్తులు ముద్దగా మారుతున్నాయో, దాని కన్నా ఒక మెట్టు పెద్ద సైజు నుంచే మొదలుపెట్టండి.

తెర పిక్సెళ్లు ప్రింటు చుక్కల కన్నా పెద్దవి కనుక చాలా చిన్న అక్షరాలు తెర మీద కాస్త మసకగానే ఉంటాయి. తెర మీద చదవగలిగితే మంచి ప్రింటులో తప్పక చదవగలరు. తెర మీద అనుమానంగా ఉంటే మాత్రం ఒక కాగితం ప్రింటు తీసి చూడాల్సిందే.

ప్యాకెట్ల మీద బరువు, ధర వంటి వివరాల అంకెల ఎత్తుకు 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమాడిటీస్ నియమాల్లో కనీస పరిమితులున్నాయి. వాటిని కంటితో తేల్చకండి. అంకెను పాత్‌గా (అక్షరం కాకుండా మామూలు ఆకారంగా) మార్చి, పై పట్టీలోని ఎత్తు పెట్టెలో మి.మీ. చూసుకోండి.

9. పెద్ద బోర్డులకు: నిష్పత్తి, దూరం

8 × 3 అడుగుల బోర్డు తెరలో పట్టదు. కానీ జూమ్ సరిగ్గా ఉంటే 10 శాతం అంటే కచ్చితంగా పదో వంతు. 2438 మి.మీ. బోర్డు తెర మీద 244 మి.మీ. వెడల్పుతో నిలుస్తుంది, ల్యాప్‌టాప్‌లో కూడా పడుతుంది.

పదో వంతు బొమ్మను 60 సెం.మీ. దూరం నుంచి చూస్తే, అసలు బోర్డును 6 మీటర్ల నుంచి చూసినట్టే కంటికి కనిపిస్తుంది. దూరాన్ని బట్టి జూమ్ ఎంత పెట్టాలో ఈ సూత్రం చెబుతుంది:

తెరకు మీ దూరం ÷ బోర్డుకు బాటసారి దూరం × 100 = పెట్టాల్సిన జూమ్ శాతం.

జగదాంబ జంక్షన్‌లో రోడ్డు అవతలి నుంచి, అంటే 20 మీటర్ల నుంచి చదవాల్సిన బోర్డు అనుకుందాం. 60 సెం.మీ. దూరంలో కూర్చుంటే 3 శాతం జూమ్ కావాలి. అంత తక్కువ జూమ్‌లో అక్షరానికి సరిపడా పిక్సెళ్లు ఉండవు. దానికి బదులు 10 శాతమే ఉంచి, లేచి తెరకు 2 మీటర్ల దూరంలో నిలబడండి. ఫలితం అదే, బొమ్మ మరింత తేటగా ఉంటుంది.

అలా నిలబడి చూసినప్పుడు ఫోను నంబరు కనిపించకపోతే దాన్ని పెంచడానికి చోటు వెతకండి. నాలుగు వరుసల సేవల జాబితా కనిపించకపోతే తీసేయండి. బీచ్ రోడ్డులో బండి మీద వెళ్లేవారు దాన్ని ఎటూ చదవరు. డబ్బు పెట్టి బోర్డు వేయించుకునే దుకాణదారుడికి ఈ నిజం ముందే చూపించడం డిజైనర్ బాధ్యత అని నా గట్టి అభిప్రాయం. ఆయన్నీ తెరకు 2 మీటర్ల దూరంలో నిలబెట్టండి, వాదన అవసరం ఉండదు.

10. ఎక్కడ తప్పు ఉందో కనిపెట్టడం

కొలత కుదరనప్పుడు జూమ్‌ను తిప్పడం మొదలుపెట్టకండి. ముందు మూడు అంకెలు రాసుకోండి: సాఫ్ట్‌వేర్ పై పట్టీలోని వెడల్పు పెట్టె చూపే కొలత, తెర మీద కొలత, కాగితం మీద కొలత.

*పెట్టెలో సరి, తెర మీద తేడా.* జూమ్ ఫ్యాక్టర్ చెదిరింది. రిజల్యూషన్, విండోస్ స్కేలింగ్ మారాయేమో చూసి 4వ దశ మళ్లీ చేయండి. ల్యాప్‌టాప్‌కు బయటి మానిటర్ తగిలించి కిటికీని అటు జరిపినా ఇలాగే అవుతుంది. ఇంక్‌స్కేప్ ఒక్క ఫ్యాక్టర్‌నే గుర్తుంచుకుంటుంది. రెండు తెరలకూ విడిగా కొలిచి, ఆ అంకెలను చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించుకోండి.

*పెట్టెలోనే ఒకటి రెండు మి.మీ. ఎక్కువ.* 100 మి.మీ. దీర్ఘచతురస్రానికి 1 మి.మీ. అంచు గీత ఉంటే 101 అని చూపిస్తుంది, గీత సగం బయటికి ఉంటుంది కనుక. ఇంక్‌స్కేప్ ప్రిఫరెన్సెస్‌లోని టూల్స్ విభాగంలో 'జామెట్రిక్ బౌండింగ్ బాక్స్' ఎంచుకుంటే గీతను వదిలి కొలుస్తుంది. లేజర్ కటింగ్ పనులకు ఇదే ఉంచండి.

*పెట్టెలో 100 మి.మీ.కు 93.75.* ఇంక్‌స్కేప్ 0.91, అంతకు ముందు వెర్షన్లలో చేసిన ఫైలు అయి ఉంటుంది. అప్పట్లో అంగుళానికి 90 పిక్సెళ్లు, 0.92 నుంచి 96. బొమ్మ మొత్తాన్ని ఎంచుకుని 106.67 శాతానికి పెంచండి.

*పెట్టెలో 100 మి.మీ.కు 75.* అంగుళానికి 72 లెక్కతో పనిచేసే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఎస్‌వీజీ (వెక్టర్ బొమ్మల ఫైలు రకం). 133.33 శాతానికి పెంచండి. వీలైతే పంపినవారిని పీడీఎఫ్ అడగండి, అందులో కొలతలు చెదరవు.

*పెట్టెలో సరి, తెర మీద సరి, కాగితం మీద తక్కువ.* ప్రింటు కిటికీలో 'ఫిట్' ఎంచుకుని ఉంటుంది. అది పేజీ అంచులు వదలడానికి బొమ్మను కొన్ని శాతం కుదిస్తుంది. 'యాక్చువల్ సైజ్' లేదా 100 శాతం ఎంచుకోండి. ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో బయట ప్రింటు వేయిస్తుంటే ఈ మాట నోటితో చెప్పి వదిలేయకండి. ఫైలులో ఒక మూల, కత్తిరించి పారేసే భాగంలో, 50 మి.మీ. గీత గీసి దాని పక్కన "ఈ గీత 50 మి.మీ." అని రాయండి. మొదటి కాగితం బయటికి రాగానే కౌంటరు దగ్గరే ఆ గీతను స్కేలుతో కొలవండి. 50 వస్తేనే మిగతా కాగితాలు వేయమనండి.